గుంటూరు స్టాండులో నా చోటు

రండి, ఆ చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. దూరంగా కూర్చుంటే ఫ్యాను చప్పుడులో నా మాట సగం మీ దాకా రాదు. చేతిలో పనుంటే పని మానొద్దు. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్న సంగతులే నాకు ఎక్కువగా గుర్తున్నాయి. గుంటూరులో మా స్టాండులో నాకు చోటు ఎలా దొరికిందో చెబుతాను, వినండి.

నేను చదివింది అయిదో తరగతి. బోర్డు మీది అక్షరాలు ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. కానీ ఒకసారి చూసింది మరిచిపోను. మా ఊళ్ళో ఎవరి పెళ్ళికి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో అడగండి, చెబుతాను. ఆ జ్ఞాపకమే గుంటూరులో నాకు అన్నం పెట్టింది.

మాది దర్శి వైపు పల్లె. నల్లరేగడి నేల. పత్తి, మిరప, మధ్యమధ్యలో కంది. మా ఆయన ట్రాక్టరు తోలేవాడు. నేను కూలీల ఆటో తోలేదాన్ని. కూలీల ఆటో అంటే, మిరపకోతలప్పుడు తెల్లవారగానే ఆడవాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని చేల దగ్గర దించి, పొద్దుగూకే వేళకు మళ్ళీ ఊళ్ళో దించే బండి. నాకు తోలడం నేర్పింది మా ఆయనే, పత్తి పీకేసిన ఖాళీ చేలో. మొదటిరోజు నన్ను ముందు సీట్లో చూసి మా వీధి అత్తలు ఎక్కకుండా నిలబడిపోయారు.

"ఏమే, తోలేది నువ్వా? మమ్మల్ని చేలో దించుతావా, కాలవలో దించుతావా?"

"ఎక్కత్తా. కాలవలో దించితే చేపలు పట్టుకుందువుగాని."

నవ్వుకుంటూ ఎక్కారు. ఆ తర్వాత నా బండి తప్ప ఇంకోటి ఎక్కలేదు.

మా వైపు ఆటోలకు ఒక పద్ధతి ఉంది. దారిలో మనిషి చెయ్యెత్తితే బండి ఆపాలి. సీటు ఉందా లేదా, ఆ మనిషి మనవాడా పైవాడా అన్నది తర్వాతి మాట. ముందు ఆపాలి. ఆపకుండా పోయామా, సాయంత్రానికి ఆ మాట ఇంటికొస్తుంది. "ఏమమ్మా, మీ ఇంటి బండి మా ముసలాయన్ని దాటేసి పోయిందంట?" అని గుమ్మంలో నిలబడి అడుగుతారు. అంతకంటే తలవంపు మా ఊళ్ళో లేదు. చూడండి, ఈ పద్ధతే గుంటూరులో నా మీదికి వచ్చింది.

ఏళ్ళ తరబడి ట్రాక్టరు కుదుపులకు మా ఆయన నడుము దెబ్బతింది. వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. గుంటూరు డాక్టరు ఫోటో తీయించి చూసి, ఇక ట్రాక్టరెక్కొద్దన్నాడు. అక్కడే ఉండి నడుముకు కరెంటు పెట్టించుకుంటూ, వ్యాయామం చేయించుకుంటూ ఉంటే బాగవుతుందన్నాడు. దూరపు చుట్టం ఒకాయన ఒక పత్తిమిల్లు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని చూపించాడు. ఆ జీతం అద్దెకూ బియ్యానికీ సరిపోతుంది. ఆపైన ఇల్లు గడవాలంటే నేను సంపాదించాలి.

"మరి ఆటో ఎవరికిద్దాం?" అన్నాడాయన.

"ఎవరికో ఎందుకిస్తాం? అదీ మనతోనే వస్తుంది."

"గుంటూరులో తోలుతావా?"

"గుంటూరులో మాత్రం రోడ్డు నేల మీదే ఉంటుందిగా."

ఆయన నవ్వబోయి, నడుము పట్టేసి, నవ్వు ఆపుకున్నాడు. పట్నంలో తోలడానికి కావలసిన కాయితాలన్నీ ఆ నడుముతోనే తిరిగి చేయించాడు.

ఫిబ్రవరిలో బయల్దేరాం. వెనక పరుపు పరిచి ఆయన్ని పడుకోబెట్టాను. ఆయన కాళ్ళ దగ్గర పొయ్యి, బియ్యం, ఊరగాయ జాడీ, బైబిలు పెట్టిన ట్రంకుపెట్టె. కురిచేడు మీదుగా వినుకొండ చేరేసరికి ఎండెక్కింది. కొండ కనపడేచోట ఒక చింతచెట్టు కింద బండి ఆపి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. గుంతల దగ్గర నేను మెల్లగా తోలేదాన్ని. ఆయన మాత్రం వెనక నుంచి, "ఇప్పుడొచ్చింది గుంత కాదా? మిస్సయ్యావే పాపం" అంటూ వెక్కిరించేవాడు. గుంటూరు పొలిమేరకు వచ్చేసరికి రోడ్డంతా మిరపకాయల లారీలే. తొక్కి నింపిన గోతాలు కొండల్లా పేర్చుకుని మిర్చియార్డు వైపు కదలకుండా నిలబడ్డాయి. ఘాటుకు ఇద్దరం తుమ్మాం.

"మన చేను మనకంటే ముందొచ్చి కూర్చుందే ఇక్కడ" అన్నాడాయన.

ఆ మాటతో నా భయం కొంత తగ్గింది.

ఏటుకూరు రోడ్డు వైపు ఒక గది తీసుకున్నాం. ఆయన పనిలో చేరాడు. నేను ఆటో తీసుకుని రోడ్డెక్కాను. రెండు మూడు రోజుల్లోనే నాకొక సంగతి అర్థమైంది. పట్నంలో ఆటో ఉంటే చాలదు, స్టాండులో చోటు ఉండాలి. చోటు లేని బండి ఎక్కడ ఆగినా ఎవరో ఒకరు, "ఏయ్, ఇక్కడ కాదు, పోనీ" అంటూనే ఉంటారు. స్టాండులో చోటు దొరికితే గుంటూరులో ఉంటాం. దొరక్కపోతే ఆయన వైద్యం సగంలో వదిలి, అదే పరుపు పరుచుకుని వచ్చిన దారినే పోతాం. మా ఇద్దరి ముందూ ఉన్నది ఈ రెండు దారులే.

కొత్తపేటలో ఆసుపత్రులున్న వైపు, ఒక వీధి మొదట్లో ఉన్న స్టాండుకు వెళ్ళాను. వరసగా నిలబెట్టిన ఆటోల చివర నా బండి పెట్టానో లేదో, పెద్ద మీసాలాయన ఒకడు టీ గ్లాసుతో వచ్చాడు.

"ఏందమ్మా, మీ ఆయన ఎటు పోయాడు? బండి పక్కకి తియ్యమని చెప్పు."

"మా ఆయన మిల్లుకు పోయాడన్నా. తీయాలంటే నేనే తీయాలి."

"నువ్వు తోల్తావా?"

"దర్శి నుంచి దీన్ని ఎవరు తోలుకొచ్చారనుకున్నావు?"

"ఓరేయ్, ఇటు రండిరా! దర్శి నుంచి ఆటో తోలుకొచ్చిందంట. విమానం దించినట్టే చెప్తందిరా!"

అందరూ మూగారు. నవ్వారు. నేనూ నవ్వాను. కొత్తచోట మన మీద నవ్వితే మనమూ నవ్వాలి, అప్పుడు వాళ్ళ నవ్వు తొందరగా అయిపోతుంది. అందరికంటే వయసులో పెద్దాయన ఒకరు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఆ స్టాండులో ఆయన మాటే మాట. ఆయన నవ్వలేదు. నా లైసెన్సు చూశారు, బండి చూశారు, నన్ను చూశారు.

"అమ్మాయ్, ఇక్కడ వరసుంటది. ముందొచ్చిన బండికి ముందు మనిషి. ఎవురూ ఎవురి ముందూ దూరకూడదు. నువ్వు మాకు తెలవదు. ఈ మిరపకాయల సీజన్ అయ్యేదాకా తోకన పెట్టుకో. మిగతా బండ్లన్నీ పోయాక మనిషి మిగిల్తే నీకు. సీజన్ అయ్యాక అందరం కూర్చుని చెప్తాం, ఉంటావో పోతావో."

తోక అంటే తోకే. మనిషిని దించి తిరిగొచ్చిన బండి కూడా నా ముందే నిలబడేది. నా వంతు మధ్యాహ్నానికి వస్తే గొప్ప. అయినా నేను తిట్టుకోలేదు. ఊరు తెలియని మనిషికి ముందు వరస ఇచ్చినా ఏం చేసుకుంటుంది? ఆ తోకన కూర్చునే నేను గుంటూరు నేర్చుకున్నాను.

నా బండి మొదట ఎక్కింది ఒక చదువుకున్న అమ్మాయి. ఎక్కుతూనే, "బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు" అంది.

"అమ్మా, అదేం లెక్కమ్మా?"

"నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అక్కా. తెలీదా మీకు?"

"తెలుసుకుందామనే అడుగుతున్నా. చెప్తా ఉండు, పోతా ఉంటా."

ఆ అమ్మాయి చెబుతుంటే మలుపులు తిప్పుతున్నాను. తిప్పుతుంటే నా మనసులో ఒక బొమ్మ పడింది. ఈ నిలువు లైన్లు, వాటిని కోస్తూ పోయే అడ్డరోడ్లు నాకు కొత్తవి కావు. మిరపనారు నాటే ముందు మేము చేనుకు అచ్చు తోలుతాం. నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి గీతలు గీసి, గీతా గీతా కలిసినచోట మొక్క నాటుతాం. ఆ తర్వాత కలుపు తీసే గుంటక ఎటునుంచి తోలినా మొక్క తెగదు. బ్రాడీపేట కూడా ఎవరో మంచి రైతు అచ్చు తోలి నాటిన చేను లాగే ఉంది! సాలు పట్టుకుని పోతే మొక్క దొరికినట్టు, లైను పట్టుకుని పోతే ఇల్లు దొరుకుతుంది. ఆ అమ్మాయి దిగి వెళ్ళాక ఖాళీ బండితో ఆ చేను మొత్తం నిలువునా అడ్డంగా తిరిగాను. పెట్రోలు పోతే పోయింది, బ్రాడీపేట నాదైంది.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన నడుము వెనక దిండు పెట్టుకుని, కిరాయికి ఎక్కే సవారీలా ఎక్కేవాడు.

"డ్రైవరమ్మా, అరండల్‌పేట తొమ్మిదో లైనుకు పోనీ."

పోనిచ్చేదాన్ని.

"తొమ్మిది దాటావు."

"దాటలేదు. నువ్వే నిద్రపోయావు."

"నిద్రలో కూడా నాకు లైన్లు తెలుస్తాయి."

"అయితే దిగి, బోర్డు చదివి చెప్పు."

దిగడానికి బద్ధకించి ఒప్పుకునేవాడు. అలా వారం వారం ఒక పేట చొప్పున ఊరు చుట్టాం. పట్నంబజారులో ఏ సందులో ఏ వేళకు బండి దూరుతుందో, ఏ వేళకు దూరదో చూసుకున్నాను. వాన పడి మూడు వంతెనల కింద నీళ్ళు నిలిస్తే ఎటునుంచి తిరిగి రావాలో తెలుసుకున్నాను. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు ఆసుపత్రి పేరు నోరు తిరగదు. "పొడుగ్గా ఉంటాడు, కళ్ళజోడు, ఎముకల డాక్టరు" అంటారు. "మెట్లెక్కక్కర్లేదు, ఏటవాలుగా ఉంటది, ఎదురుగా కొబ్బరిబోండాలు" అంటారు. నేనూ అలాగే గుర్తుపెట్టుకున్నాను. ఏ ఆసుపత్రికి మెట్లున్నాయో, దేనికి లేవో, ఏ డాక్టరు ఏ పూట ఉంటాడో నా నాలుక చివర ఉండేది. మీసాలాయన కూడా ఒకటి రెండుసార్లు, "ఏమ్మా దర్శీ, పిల్లల డాక్టరు ఇవాళ ఉన్నాడా?" అని అడిగాడు. దర్శీ అన్నది నాకు అతను పెట్టిన పేరు.

ఇక ఆరోజు సంగతి.

సీజన్ ఇంకా నడుస్తోంది. బస్టాండు దగ్గర ఒక కుటుంబాన్ని దించి ఖాళీగా తిరిగి వస్తున్నాను. రోడ్డు పక్కన ఒక ముసలామె. చంకలో ఎక్స్‌రే కవరు, చేతిలో సంచి. కరెంటు స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యెత్తింది. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. కిందికి దిగి సంచి అందుకుని ఎక్కించాను. ఎముకల ఆసుపత్రికి అంది. బండి కదిలిందో లేదో, రెండు ఆటోలు వచ్చి నాకు అడ్డంగా ఆగాయి.

ఖాకీ చొక్కా వేసుకున్న బక్కపలచటి మనిషి దిగి వచ్చి నా తాళం చెవి లాగేశాడు. ఆ పక్కనున్న స్టాండుకు అతను పెద్ద అని తర్వాత తెలిసింది.

"ఏ స్టాండు నీది? మా స్టాండు ముందు మనిషిని ఎక్కించుకుంటావా? కళ్ళు కనపడ్డంలా?"

"చెయ్యెత్తిందన్నా, ఆపాను."

"చెయ్యెత్తితే ఆపుతావా?"

"చెయ్యెత్తితే ఆపక?"

నిజం చెబుతున్నాను, అతని కోపం నాకు అర్థం కాలేదు, నా మాట అతనికి అర్థం కాలేదు. వాళ్ళ బండ్లు వరసగా నిలబడి ఎదురుచూస్తుంటే, వాళ్ళ కళ్ళముందే దారినపోయే బండి మనిషిని ఎత్తుకుపోయినట్టయింది వాళ్ళకు. పట్నంలో అంతకంటే పెద్ద తప్పు లేదట. మా ఊళ్ళో ఆపకపోవడం తప్పు, ఇక్కడ ఆపడం తప్పు! నలుగురు చేరారు, గొంతులు లేచాయి. ముసలామెను దింపి వాళ్ళ మొదటి బండిలో ఎక్కించమన్నారు. అప్పుడు లోపల నుంచి ఆమె లేచింది.

"ఏరా, ఎవుర్రా నన్ను దించేది? నీ స్టాండు దాకా నడిచే మోకాలే ఉంటే నేను గుంటూరెందుకొస్తాన్రా? ఇందాకటి నుంచి చెయ్యూపుతున్నా, నీ బండ్లు ఒక్కటన్నా కదిలిందా?"

"అవ్వా, వరసలో ఉన్నోళ్ళం కదలకూడదవ్వా..."

"నీ వరస నువ్వు కాపలా కాసుకో. తాళం ఇచ్చెయ్. మీ తగువు తేలేలోపు డాక్టరు అన్నానికి పోతాడు."

ఖాకీ చొక్కాయన ముఖం ఎర్రబడింది. తాళం నా చేతిలో పెట్టి, "తీసుకుపో. సాయంత్రం మీ స్టాండుకొస్తా. నువ్వుంటావో, మీ బండ్లు బస్టాండు దిక్కు రావడం ఉంటదో, అక్కడే తేలుద్దాం" అన్నాడు.

ఆసుపత్రి ఏటవాలు మీదుగా ఆమెను నడిపిస్తుంటే ఆమె నా భుజం పట్టుకుంది. "ఏ ఊరమ్మాయివి?" అంది.

"దర్శి వైపవ్వా."

"నాది వినుకొండవతల. అనుకున్నాలే. ఈ ఊరోళ్ళైతే ఆపేవోళ్ళు కాదు."

ఆ మాట తీయగానే ఉంది. కానీ సాయంత్రం తగువు మిగిలే ఉంది. మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గరకు వెళ్ళి మా ఆయనకు చెప్పాను.

"ఇంకెప్పుడూ ఆపనని చెప్పరాదూ? ఊరుకుంటారు."

"చెప్పొచ్చు. రేపు ఇంకో ముసలామె చెయ్యెత్తుద్ది. అప్పుడు?"

"అప్పుడు ఆపుతావు."

"ఆపుతాను కదా."

"అయితే వాళ్ళకి నష్టం లేకుండా ఎట్టా ఆపాలో ఆలోచించు. నేను మాత్రం మళ్ళీ ఆ వినుకొండ రోడ్డు మీద వెల్లకిలా పడుకుని రాను."

నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ ముందు వారమే ఆయన మొదటిసారి వంగి చెప్పులు తనంతట తాను తొడుక్కున్నాడు. వైద్యం పనిచేస్తోంది. ఇప్పుడు ఊరికి వెళ్ళిపోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం టీకొట్టు ముందు బెంచీల మీద కూర్చున్నారు. ఖాకీ చొక్కాయన తన వాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. మా పెద్దాయన మధ్యలో. నేను నిలబడే ఉన్నాను. ఖాకీ చొక్కాయన జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు, ఒక్కమాట కూడా పెంచలేదు. అది నాకు నచ్చింది.

"చెప్పమ్మాయ్" అన్నారు పెద్దాయన. "వరస సంగతి మొదటిరోజే చెప్పా కదా?"

"చెప్పారు బాబాయ్. మన స్టాండు వరస నేనెప్పుడూ తప్పలేదు. వాళ్ళదీ తప్పాలని కాదు. మా వైపు చెయ్యెత్తిన మనిషిని దాటి పోతే అది మనిషి పనే కాదు. పుట్టిన కాడ్నించీ అట్టానే పెరిగాను. ఇప్పుడు మానమంటే నా కాలు వినదు."

"కాలు వినకపోతే బండి అమ్ముకో" అన్నాడు ఖాకీ చొక్కాయనతో వచ్చిన ఒకతను.

"ఒక్కమాట చెప్తా, వినండన్నా. నేను ఆపుతా. ఎక్కించుకుంటా. కానీ తీసుకుపోను. బండి తిప్పి, మీ స్టాండుకే తెచ్చి, మీ మొదటి బండిలో కూర్చోబెట్టి పోతా. మీ మనిషి మీకే ఉంటది. నా కాలికి బ్రేకూ ఉంటది."

టీకొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు.

"మరి నీకేం మిగుల్తది?" అన్నాడు ఖాకీ చొక్కాయన.

"మా ఇంటి గుమ్మంలోకొచ్చి ఎవురూ అడగరు, మమ్మల్ని దాటేసి పోయావేమని."

"గుంటూరులో ఎవరొచ్చి అడుగుతారమ్మా?"

"అడగరనుకో. నన్ను నేనే అడుగుతాగా."

పెద్దాయన గడ్డం గోక్కున్నారు. "ఏమయ్యా, మీకేమన్నా నష్టమా?" అని అవతలివాళ్ళను అడిగారు.

"నష్టం లేదు. కానీ ఆ మాట మీద నిలబడుద్దా?"

అప్పుడు మీసాలాయన అందుకున్నాడు. ఇన్నాళ్ళూ నన్ను వెక్కిరించినవాడే. "దర్శి నుంచి తోలుకొచ్చిన మడిసి. నిలబడుద్ది. నిలబడకపోతే నేనే తోలుకెళ్ళి దర్శిలో దించొస్తా. కిరాయి కూడా అడగను!"

నవ్వులతో ముగిసింది. అయినా పెద్దాయన నవ్వలేదు. "సీజన్ అయ్యేదాకా ఇదీ చూస్తాం" అన్నారు.

ఆ వారమే మాట నిలబెట్టుకోవలసి వచ్చింది. బస్టాండు దగ్గర నిండు చూలాలు, వెంట తల్లి, చేతుల్లో దుప్పట్లు. ఎక్కించుకుని, బండి వెనక్కి తిప్పి వాళ్ళ స్టాండులో మొదటి బండి పక్కన ఆపాను. ఆ డ్రైవరు నోరు తెరుచుకుని చూశాడు. "ఇదేంది?" అన్నాడు. "మీ సవారీ అన్నా. గుంతలు చూసి మెల్లగా పో" అని చెప్పి వచ్చేశాను. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. అందరికీ నచ్చలేదు, అదీ చెప్పాలి. "ఎక్కించుకుని మళ్ళీ దించుతావేంటి, పిచ్చా?" అని తిట్టినవాళ్ళున్నారు. సంచిలో కోడిపుంజుతో ఎక్కినాయన ఒకరు అసలు దిగనన్నాడు.

"నేను దిగను. పుంజు బెదురుద్ది" అన్నాడు.

ఖాకీ చొక్కాయన వచ్చి చూశాడు. పుంజు సంచిలో నుంచి తల బయటపెట్టి అతన్ని చూసింది. "తీసుకుపోమ్మా" అన్నాడు అతను, నవ్వు ఆపుకుంటూ. "పుంజుకి మా వరస ఏం తెలుసు!"

ఆ తర్వాత ఒకరోజు నేను మా స్టాండు తోకన కూర్చుని ఉంటే, బస్టాండు వాళ్ళ ఆటో ఒకటి వచ్చి మా మొదటి బండి పక్కన ఆగింది. లోపల కర్ర పట్టుకున్న ఒక ముసలాయన. "ఇదిగో, మీ వీధి మూల నిలబడి చెయ్యెత్తాడు. మీ మనిషి" అని దించి, ఎవరివైపూ చూడకుండా ఆ డ్రైవరు వెళ్ళిపోయాడు. మా పెద్దాయన ఆ బండి మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత నా వైపు చూశారు.

ఎండలు ముదిరాయి. యార్డుకు వేసవి సెలవులిచ్చారు. లారీలు పోయి రోడ్డు ఖాళీ అయింది. ఆరోజు పెద్దాయన అందరినీ పిలుస్తారని, కూర్చోబెట్టి అడుగుతారని పొద్దుటి నుంచి నేను అన్నం కూడా సరిగా తినలేదు. కూర్చోబెట్టనే లేదు. ఇంటికి పోతూ నా బండి దగ్గర ఆగి, టాపు మీద చేత్తో రెండు దెబ్బలు వేశారు.

"అమ్మాయ్, రేపటి నుంచి వచ్చిన వరసలో పెట్టుకో. తోక చాలు."

"అందర్నీ అడుగుతానన్నారు కదా బాబాయ్?"

"అడగడానికేముంది? ఎవురూ కాదన్లా."

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన దేవునికి స్తోత్రం అని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత లేచి, ఎవరి సాయమూ లేకుండా, మంచం కింద ఉన్న, ఆటోలో పరుచుకొచ్చిన పరుపు చుట్టను లాగి ఎదురింటావిడకు ఇచ్చేశాడు. పిల్లలు పడుకోవడానికి పనికొస్తుందన్నాడు.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళాను. స్టాండు ఖాళీగా ఉంది. నా బండి మొదట పెట్టి, అద్దం తుడిచి, ప్రార్థన చేసుకుని కూర్చున్నాను. నా వెనక ఒకటొకటిగా బండ్లు వచ్చి చేరుతుంటే అద్దంలో చూసుకున్నాను. ఆ వరుసంతా అద్దంలో నా వెనకే ఉంది. మిరపచేలో కూడా ఇంత అందమైన సాలు నేను చూడలేదు, నమ్మండి.

మొదటి మనిషి వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో బ్యాగు. నన్ను చూశాడు, దాటాడు, రెండో బండి దగ్గరకు వెళ్ళాడు. రెండోది మీసాలాయనది.

"ముందు బండి అదండీ" అన్నాడు మీసాలాయన.

"ఆవిడ నడుపుతుందా?"

"నడుపుద్దా ఏంటండీ? మా స్టాండు మనిషి. ఎక్కండి."

మా స్టాండు మనిషి. ఆ మాట విన్నాక తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను. తెల్లచొక్కాయన వచ్చి ఎక్కాడు. పట్నంబజారు అన్నాడు. ఏ దారిన అని నేను అడగలేదు. ఆ వేళకు ఏ సందు తెరిచి ఉంటుందో నాకు తెలుసు. దిగేటప్పుడు ఆయన, "గుంటూరేనా మీది?" అని అడిగాడు.

"అవునండీ, గుంటూరే" అన్నాను. అబద్ధం చెప్పినట్టు నాకనిపించలేదు, ఈరోజుకీ అనిపించదు.

ఇప్పుడు మా ఆయన నడుము బాగుంది. గేటు దగ్గర కుర్చీలో కూర్చునేది తక్కువ, నిలబడి లారీల వాళ్ళతో కబుర్లు చెప్పేది ఎక్కువ. దర్శి నుంచి, వినుకొండ నుంచి ఆసుపత్రులకు వచ్చేవాళ్ళు బస్సు దిగి, "ఆడమనిషి ఆటో ఉంటదంట, ఎక్కడ?" అని అడుగుతారట. బస్టాండు స్టాండు వాళ్ళే దారి చెబుతారు. ఒక్కోసారి వాళ్ళే తమ బండిలో ఎక్కించుకుని తెచ్చి నా దగ్గర దించిపోతారు. ఇంతకంటే గొప్ప నాకేం కావాలి?

అదీ సంగతి. చిక్కుడుకాయలు అయిపోయినట్టున్నాయి, గిన్నె ఇటివ్వండి. మీ ఇంట్లోవాళ్ళు ఏ ఊరు వెళ్ళినా అక్కడ వాళ్ళకు నిలబడే చోటు దొరకాలి. మీ ఇంటి ముసలివాళ్ళు చెయ్యెత్తినచోట బండి ఆగాలి. మీ పొయ్యి మీద అన్నం, మీ పిల్లల నోట నవ్వు తరగకుండా దేవుడు మీ ఇంటిని చల్లగా చూడాలి.